పిలుపు - పిడికెడు బియ్యం: తెలుగు క్రైస్తవ సంఘాలలో పంపినవారి చరిత్ర

తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో 'పిలుపు' అనే మాట పారిభాషిక పదంగా స్థిరపడింది. 'ఆయనకు పిలుపు ఉంది', 'పిలుపు లేకుండానే సేవకు వచ్చాడు' అన్న వాక్యాలలో ఆ మాటకు పెళ్ళి పిలుపుతోనో పేరంటపు పిలుపుతోనో సంబంధం లేదు. దేవుడు ఒక మనిషిని పేరుపెట్టి తన పరిచర్యకు కోరుకోవడం అక్కడి అర్థం. ఈ అర్థంలో పిలుపు ఏకవచనం. అది ఒకరికి వస్తుంది, ఆ ఒకరే వింటారు, ఆ ఒకరే బదులు చెబుతారు. మిషన్ చరిత్రలు, బోధకుల జీవితచరిత్రలు, సాక్ష్యాలు అన్నీ ఎక్కువగా ఈ ఏకవచనంలోనే నడిచాయి.

అయితే కొత్త నిబంధన మూలభాషలో ఈ భావనకు మరో రెండు పార్శ్వాలు ఉన్నాయి. సంఘానికి వాడిన 'ఎక్లేసియా' అన్న గ్రీకు పదం వ్యుత్పత్తిరీత్యా బయటికి పిలువబడినవారి సమూహాన్ని తెలుపుతుంది. 'అపొస్తొలొస్' అంటే పంపబడినవాడు. తెలుగు బైబిలు మొదటి పదానికి 'సంఘము' అన్న దేశీయ ప్రయోగాన్ని స్వీకరించింది. రెండవదాన్ని అనువదించక 'అపొస్తలుడు' అని ధ్వనిని మాత్రం తెచ్చుకుంది. ఫలితంగా 'సంఘం'లో పిలుపు వినిపించదు, 'అపొస్తలుడు'లో పంపడం కనిపించదు. అనువాదకులను ఇందుకు తప్పుపట్టనక్కరలేదు; ఇంగ్లిషులోనూ ఇదే జరిగింది. కాని రోమా సంఘానికి రాసిన లేఖ పదో అధ్యాయంలో పౌలు పంపేవారు లేనిదే ప్రకటించేవారు ఎలా ఉంటారని ప్రశ్నించాడు. ఆ ప్రశ్నలోని పంపేవారు తెలుగు క్రైస్తవ చరిత్రలో ఎవరు? వారు ఏమిచ్చి పంపారు? ఈ వ్యాసం పరిశీలించదలచినది ఇది. అందుకు ఒంగోలు, నాటాల్, డోర్నకల్ అనే మూడు స్థలాలను ఆధారం చేసుకుంటుంది.

ఈ ప్రశ్నకు మరొక ప్రయోజనమూ ఉంది. తెలుగు దేశపు దళిత క్రైస్తవులపై వంద సంవత్సరాలకు పైగా వినవస్తున్న నింద ఒకటుంది: వారు బియ్యం కోసం మతం మారారని. ఈ నింద బియ్యం ఒకే దిశలో, పైనుంచి కిందికి, దొర చేతినుంచి పల్లె దోసిలిలోకి ప్రవహించిందని ముందే నిర్ణయించుకుంటుంది. పల్లె నుంచి వెలుపలికి వెళ్ళిన బియ్యాన్ని లెక్కలోకి తీసుకోదు.

వచ్చిన బియ్యం

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. 1840లో నెల్లూరు దానికి కేంద్రమైంది. చాలా ఏళ్ళపాటు చెప్పుకోదగిన ఫలితం లేకపోవడంతో దీన్ని కొనసాగించాలా, మూసివేయాలా అన్న చర్చ 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో తీవ్రంగా సాగింది. మిషను నిలిచింది. నిలవడం మాట ఎలా ఉన్నా, నిర్ణయం జరిగిన చోటు గమనార్హం. నెల్లూరు సంఘపు మనుగడను సముద్రాల అవతల ఉన్న దాతల సభ తేల్చింది. పంపే అధికారం ఎవరిదో ఆనాటికి సందేహం లేదు.

1865లో వచ్చిన జాన్ క్లౌ మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. అక్కడి ఉద్యమానికి నాంది పలికినవాడు మాత్రం క్లౌ కాదు, యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. రాజయోగ సంప్రదాయంలో గురూపదేశం పొంది, తానూ ఇతరులకు బోధించే స్థాయికి చేరినవాడు. వ్యాపార నిమిత్తం ఉత్తరానికి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో పాటు బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత తన బంధువర్గమున్న పల్లెలన్నీ కాలినడకన తిరిగి చెప్పాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకం ఈ మాదిగ కుటుంబాల కథనాలను వారి నోటివెంట విని కూర్చినది. ఒంగోలు క్రైస్తవానికి పూర్వరంగం యోగి సంప్రదాయంలో ఉందన్న సంగతి దానివల్లనే స్పష్టంగా తెలుస్తుంది. పేరయ్య విషయంలో కరువు లేదు, బియ్యం లేదు. గురువుకోసం వెతికే మనిషి ఉన్నాడు.

కరువు పదేళ్ళ తరువాత, 1876లో వచ్చింది. 1878 దాకా సాగిన ఆ క్షామంలో, సర్వేయరుగా పనిచేసిన అనుభవమున్న క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకున్నాడు. పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. స్థానిక బోధకులు అక్కడ మేస్త్రీలుగా నిలిచారు. సహాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదని అతడు నిశ్చయించుకున్నాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ చరిత్రలు ఈ సంఖ్యను ఎంతగా వల్లించాయంటే, దాని చుట్టూ ఉన్న క్రమం మరుగున పడింది. బాప్తిస్మం ఆపడం, తరువాత ఇవ్వడం క్లౌ నిర్ణయం. కాని వచ్చినవారిని నడిపించినది పేరయ్య, నాగమ్మ వంటివారు పన్నెండేళ్ళుగా వేసిన బాట. కరువు దానిని వెడల్పు చేసి ఉండవచ్చు. కరువే వేసిందనడం కాలక్రమానికి విరుద్ధం.

ముష్టి, మేర, కానుక

పల్లె నుంచి బయటికి వెళ్ళిన బియ్యం గురించి చెప్పేముందు, ఇచ్చిపుచ్చుకోవడాలకు తెలుగులో ఉన్న మాటలను కొంత చూడాలి. సంస్కృతంలో 'ముష్టి' అంటే పిడికిలి, పిడికెడు. తెలుగులో అది ప్రధానంగా భిక్షకు పేరైంది. దాసరికో జంగానికో హరిదాసుకో ఇల్లాలు గుమ్మంలో నిలబడి వేసే పిడికెడు గింజలే ఆ అర్థపరిణామానికి ఆధారం. కొలత పేరు దానం పేరైంది, దానం పేరు క్రమంగా దైన్యానికి పేరైంది. ముష్టి వేసే చేయి ఎప్పుడూ ఊరిది. మాల, మాదిగ వాడలు ఈ చిత్రంలో ఇచ్చే స్థానంలో కనిపించడం అరుదు.

వారికి సంబంధించిన మాట 'మేర'. చెప్పులు, మోటకు కావలసిన తోలు సరంజామా సమకూర్చినందుకు, ఊరి వెట్టి పనులు చేసినందుకు, కోతల కాలంలో కళ్ళంలో వారికి కొలిచే గింజల భాగం అది. మేర న్యాయంగా హక్కు. ఆచరణలో కళ్ళం అంచున నిలబడి, ఆసామి కొలిచేదాకా ఎదురుచూడవలసిన హక్కు. అంటే వ్యవసాయ గ్రామపు ధాన్య వ్యవస్థలో పల్లె శాశ్వతంగా పుచ్చుకొనే స్థానంలో ఉంది, అది తాను చేసిన చాకిరికి ప్రతిఫలమే అయినా.

మూడో మాట 'కానుక'. పెద్దలను, ప్రభువులను దర్శించేటప్పుడు వట్టి చేతులతో వెళ్ళక సమర్పించేది. తెలుగు క్రైస్తవులు ఆరాధనలో అర్పించే దానికి ఈ మాటనే తీసుకున్నారు. 'దానం', 'ముష్టి', 'చందా' పక్కకు తప్పుకున్నాయి. ఈ ఎంపికను తేలికగా తీసుకోరాదు. కానుక ఇచ్చేవాడికి ఎదుట ప్రభువు ఉండాలి. ఇచ్చేవాడికి దర్శనార్హత ఉండాలి. గుడి ముంగిట దాకా కూడా వెళ్ళనివ్వని మనుషులు 'కానుక పట్టుకుని వెళ్ళడం' అన్న క్రియకు కర్తలు కావడం ఆ పదం తెచ్చిన మార్పు. కుచేలుడి అటుకుల కథ తెలిసిన సమాజానికి పిడికెడు గింజల విలువ కొత్తగా నేర్పవలసిన పని లేదు. అయితే కుచేలుడు బ్రాహ్మణుడు. ద్వారక ద్వారాలు అతడికి మూసుకోలేదు.

ఈ నేపథ్యంలో 'పిడికెడు బియ్యం' ఆచారాన్ని చూడాలి. వంటకు గింజలు కొలిచిన ప్రతిసారీ ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారాంతాన ఆ కుండ సంఘానికి చేరుతుంది. మిషనుల భేదం లేకుండా ఇది తెలుగు ప్రాంతాలలో వ్యాపించింది. మిజోరం కొండలలోనూ 1910 నుంచి ఇదే పద్ధతి మిషను పనికి ఆధారమైంది. బియ్యం అన్నంత మాత్రాన వరి అన్నమే అనుకోనక్కరలేదు. కొర్రబియ్యం, సామబియ్యం అనే వ్యవహారమున్న భాష మనది. మెట్ట ప్రాంతపు పల్లెల కుండలో పడింది చాలావరకు జొన్నలో, సజ్జలో, కొర్రలో అయి ఉంటుంది. పిడికిలి అదే, గింజలు అవే. మారినది పిడికిలి ఎవరిదన్నది. ఊరు వేసిన ముష్టిని పుచ్చుకొన్నదని నింద పడ్డ పల్లె, తన కుండలోంచి ముష్టి తీసి కానుకగా పేరు మార్చింది.

1903: నాటాల్‌కు

పల్లె కానుక వాడ బోధకుడి పోషణతో ఆగలేదు. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను దర్బన్ రేవుకు చేర్చింది. 1911లో ఈ పద్ధతి ఆగేలోగా సుమారు లక్షా యాభై రెండు వేల మంది భారతీయులు నాటాల్ చేరారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. తెలుగువారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టులు కొందరు. చెరుకు, తేయాకు తోటలలో తెలుగులో ప్రార్థన నడిపేవారు, పెళ్ళి చేసేవారు, మట్టి చేసేటప్పుడు నాలుగు మాటలు చెప్పేవారు వారికి లేరు. తమకొక బోధకుడిని పంపమని వారు స్వదేశపు సంఘాలను కోరారు.

ఆ విన్నపానికి స్పందించినది అమెరికాలోని బోర్డు కాదు, తెలుగు బాప్టిస్టులు తమ కానుకలతో నడుపుకుంటున్న హోం మిషన్ సొసైటీ. 1903లో జాన్ రంగయ్య కుటుంబంతో సహా నాటాల్ వెళ్ళాడు. ఆ సంవత్సరం డిసెంబరులో కియర్స్నీ తేయాకు తోటలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో మరణించేదాకా అతడు అక్కడే ఉన్నాడు.

రంగయ్య జీవితాన్ని 'పిలుపు' కథగా చెప్పడం సులభం, అలా చెప్పారు కూడా. కాని ఆ పిలుపు వచ్చిన మార్గాన్ని గమనించాలి. నెలకు పది షిల్లింగుల జీతంతో, కొలిచి ఇచ్చే రేషను బియ్యంతో బతికే కూలీలు పిలిచారు. కుండలో పిడికెడు గింజలు దాచే పల్లెలు పంపాయి. పిలిచినవారూ పంపినవారూ ఒకే పల్లెల మనుషులు, సముద్రానికి ఇరువైపులా. తెలుగు ప్రాంతం మిషనరీలను పుచ్చుకునే చోటు మాత్రమే అన్న పరిగణనను ఈ ఒక్క ఉదంతం చెల్లకుండా చేస్తుంది. డెబ్బై ఏళ్ళు తిరగకముందే నెల్లూరు పంపే స్థానానికి వచ్చింది.

1903: డోర్నకల్‌కు

ఆ సంవత్సరమే ఫిబ్రవరి 12న తిరునెల్వేలిలో మరో సంస్థ ఏర్పడింది: ఇండియన్ మిషనరీ సొసైటీ. భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో, భారతీయులనే పంపాలన్నది దాని నియమం. దీని వెనుక ఉన్నవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో నాడారు కుటుంబంలో, గ్రామ గురువు కొడుకుగా పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేస్తున్నాడు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తామే ఒక మిషనరీ సంఘాన్ని నడుపుకోవడం చూశాడు. తరతరాలుగా క్రైస్తవులైన తిరునెల్వేలివారు అలాంటిదేమీ చేయలేదన్న సిగ్గు అతడిని కదిలించింది. 1905 క్రిస్మసు నాడు సేరంపూరులో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీలోనూ అతడిది ముఖ్యపాత్ర.

తిరునెల్వేలి సంస్థ ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలో, రైలు జంక్షను అయిన డోర్నకల్ చుట్టుపట్ల. అడవి, మలేరియా, తెలియని భాష. తమిళులకు తెలుగు నేల పరదేశమే. తొలి సేవకులు వెళ్ళిన కొన్నేళ్ళకు కార్యదర్శికే చిక్కు వచ్చింది: కానుకలు పోగుచేసి, యువకులను పొమ్మని ప్రోత్సహిస్తూ, తాను మాత్రం మద్రాసులో ఉండడమా అని. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, ముప్పై అయిదో ఏట తెలుగు నేర్చుకుంటూ డోర్నకల్ చేరాడు. అజరయ్య పిలుపులో ప్రత్యేకత ఇక్కడే ఉంది. దమస్కు దారిలో సౌలుకు తగిలినటువంటి వెలుగు కాదు అది. చందా పుస్తకం పట్టుకున్న మనిషిని ఆ పుస్తకమే పిలిచింది. పంపేవాడి బాధ్యతను చివరంటా అనుసరిస్తే అది పంపబడడానికే దారితీస్తుందని అతడి జీవితం చూపింది.

1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో అతడు చేసిన ప్రసంగం ప్రసిద్ధం. మిషనరీలు ఆస్తినీ ప్రాణాన్నీ ధారపోసిన మాటను ఒప్పుకుంటూనే, భారతీయ సహచరులకు ఇంకా అందనిది స్నేహమని సభముఖంగా చెప్పాడు. సభలో చాలామందికి అది రుచించలేదు. దాన్ని జాతివివక్షపై ఫిర్యాదుగా మాత్రమే చదవడం పరిపాటి. అంతకు ఏడేళ్ళ ముందే సొంత డబ్బుతో మిషను నెలకొల్పి వచ్చినవాడు చెప్పిన మాటగా చదివితే దాని బలం ఇంకా తెలుస్తుంది. పుచ్చుకునేవాడుగా ఉన్నంతకాలం స్నేహం అసాధ్యం. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న పొత్తును మార్చడం ద్వారానే అతడు స్నేహాన్ని అడిగే అర్హత సంపాదించుకున్నాడు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్షమండలం తరువాతి కాలంలో కృష్ణా ప్రాంతపు సంఘాలను కూడా కలుపుకొని విస్తరించింది. అందులో అత్యధికులు మాల, మాదిగలు. కూలీలు, పాలేర్లు. ఇలాంటివారి నుంచి కానుక ఆశించడం అన్యాయమని కొందరు మిషనరీలు తలచారు. అజరయ్య దృష్టి దీనికి భిన్నం. పేదవాడిని ఇవ్వనవసరం లేదని మినహాయించడం దయలా కనిపించే అగౌరవం. విధవరాలి రెండు కాసుల ఉదంతం అతడికి ఓదార్పు కథ కాదు, పాలన సూత్రం. డబ్బు లేకపోతే గింజలు, గింజలు లేకపోతే గుడ్డు, కోడిపిల్ల, గుమ్మడికాయ. క్రైస్తవుల ఇచ్చే బాధ్యతపై ఇంగ్లిషులో ఒక పుస్తకమే రాశాడు.

ఈ సూత్రం బాప్తిస్మపు క్షణంలోనే మొదలయ్యేది. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ తలపై తామే చేయి పెట్టుకుని, ఇక సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు మాటల సారాన్ని బిషప్ వెంట పలికేవారు. ఒట్టు పెట్టుకునేటప్పుడు తలపై చేయి వేయడం తెలుగు పల్లెకు కొత్త కాదు. ఆ అలవాటు ఇక్కడ మరో పనికి వినియోగపడింది. పిలుపు బోధకుడి సొత్తు కాదు, నీటిలోంచి లేచిన ప్రతి కూలీదీ అని ఆ చేయి చెప్పింది. 'పిలుపు' ఏకవచనం నుంచి బహువచనానికి మారిన చోటు ఇది.

పిడికెడు బియ్యం స్త్రీల చేతి పని. కుండ వంటింట్లో ఉంటుంది, ఎంత తీయాలో ఇల్లాలు నిర్ణయిస్తుంది. మదర్స్ యూనియన్ ద్వారా పల్లె స్త్రీలను కూడగట్టడంలో అజరయ్య భార్య అన్బు పాత్ర గణనీయం. సంఘపెద్దలుగా పురుషుల పేర్లే నమోదైనప్పటికీ బోధకుడి గింజల లెక్క మాత్రం స్త్రీలకే తెలిసి ఉంటుంది. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ ఇలాంటి సంఘాల మధ్యనే చాలా ఏళ్ళపాటు నెమ్మదిగా లేచి 1939లో ప్రతిష్ఠితమైంది. గుమ్మటాలు, మినారులను తలపించే శిఖరాలు, ద్రావిడ శైలి స్తంభాలు దాని రూపం. నిర్మాణం అంత కాలం సాగడానికి ధనాభావమే ముఖ్య కారణం.

లెక్కలో లేనివి

ఇంత మాత్రాన తెలుగు సంఘాలు స్వయంపోషకాలయ్యాయని తీర్మానించడం అతిశయోక్తి. ఉన్నత పాఠశాలలు, ఆసుపత్రులు, మిషనరీల జీతాలు ఇంగ్లండు పౌండ్లమీద, అమెరికా డాలర్లమీద నడుస్తూనే వచ్చాయి. వాడ బోధకుడి పొట్ట నింపిన పిడికెడు బియ్యం ఆసుపత్రి గోడ కట్టలేదు. ఒకే కుండలో మాలల గింజలు, మాదిగల గింజలు కలవడానికి కూడా బైబిలు ఉపదేశం ఒక్కటే చాలలేదు. చాలా ఊళ్ళలో ఆరాధనాస్థలాలే వేరుగా ఉండిపోయాయి. తమిళ నాడారు అయిన బిషప్‌కు ఈ తగవు తీర్చడం సాధ్యపడలేదు. అతడి వైఫల్యాలలో దీన్ని ముందు చెప్పాలి.

1935లో అంబేడ్కర్ యేవలాలో హిందువుగా మరణించనని ప్రకటించాక సామూహిక మతాంతరీకరణలపై చర్చ దేశమంతటా రాజుకుంది. గాంధీ 'హరిజన్' పత్రికలో వాటిని తీవ్రంగా విమర్శించాడు. అజరయ్య వాటిని సమర్థించాడు. గాంధీ ప్రశ్న నిజానికి పుచ్చుకోవడం గురించి: ఆకలితో, అజ్ఞానంతో ఉన్నవాడు ఆధ్యాత్మిక కారణంతో మతం మారగలడా అని. ఈ వాదంలో ఇరుపక్షాలూ ఎక్కువగా మాట్లాడింది పల్లె ఏమి పుచ్చుకున్నదనే. ఏమి ఇచ్చిందన్నది వాదంలోకి రావలసినంతగా రాలేదు. నాటాల్‌కు మనిషిని పంపిన పల్లెలు వాటి మధ్యనే ఉన్నా సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు.

సాహిత్య చరిత్రలోనూ స్థితి ఇంతకంటే మెరుగు కాదు. క్రైస్తవ తెలుగు సాహిత్యమనగానే బైబిలు అనువాదాలు, అచ్చుయంత్రాలు, పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు, ఆపైన జాషువా ప్రస్తావనకు వస్తాయి. రాసినవారు, రాతకు దారి చూపినవారు మిగిలారు. పంపినవారిలో అత్యధికులకు అక్షరాలు లేవు. వారు వదిలిన ఏకైక రచన వారి కానుక. అది కూడా మారువేషంలోనే ఉంది. కోతపండుగనాడు బల్ల ముందు పోగుపడిన గుమ్మడికాయ, సొరకాయ, కోడిపుంజు, గింజల మూట ఆరాధన కాగానే సంఘం మధ్యనే వేలానికి వస్తాయి. తన పెరటి సొరకాయను తానే పాట పాడి, బజారు ధర కంటే ఎక్కువిచ్చి వెనక్కి తీసుకుపోయే ఇల్లాలు ఆ గుంపులో ఉంటుంది. సంఘం చిట్టాలో ఆ సాయంత్రం ఎక్కేది పాటలో పలికిన రూపాయల మొత్తం. సొరకాయ ఎక్కదు, ఆమె పేరూ ఎక్కదు.